కాగితం వదలని కోచ్: జాన్ హైస్మన్ సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ అమ్మాయికి అట్లాంటాలోని జార్జియా టెక్ కాలేజీలో సీటు వచ్చింది, క్యాంపస్ చూడ్డానికి వెళ్తే తిప్పి చూపించిన కుర్రాడు 222–0 స్కోరుతో గెలిచిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి గొప్పగా చెప్పాడు. అది నిజమేనా? నిజమైతే, చేతకాని జట్టు మీద అన్ని పాయింట్లు కొట్టించడం క్రూరత్వం కాదా? అలాంటి కోచ్ పేరు మీద కాలేజీ ఫుట్‌బాల్‌లో దేశంలోకెల్లా పెద్దదైన హైస్మన్ ట్రోఫీ ఎందుకు ఇస్తున్నారు? అసలు ఈ హైస్మన్ ఎవరు?

స్కోరు నిజమే. నేను అట్లాంటా వచ్చిన కొత్తలో ఆఫీసులో ఇదే ప్రశ్న అడిగి, లంచ్ టైమ్ మొత్తం క్లాసు చెప్పించుకున్నాను. అప్పటికి నాకు అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడటమే. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా శనివారాలు ఈ ఆటకే పోతున్నాయి, మా ఆవిడ ఎంత గొణిగినా. ఆటతో పాటు పాత కోచ్‌ల గురించి చదవడం కూడా అలవాటైంది. వాళ్లందరిలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించినవాడు ఈ జాన్ హైస్మనే. మంచివాడని కాదు. లాయర్ చదువు చదివి కోర్టు మెట్లెక్కకుండా, ఆ బుర్రంతా ఆటలో పెట్టిన మనిషి. రూలు, ఒప్పందం, గడువు, జరిమానా, ఇవే ఆయన ఆయుధాలు. ఆయన గెలిచిన మ్యాచ్‌లకంటే ఆయన చేతిలో ఉన్న కాగితాలు చూస్తే మనిషి బాగా అర్థమవుతాడు. 222–0 కూడా ఒక కాగితం కథే.

హైస్మన్ 1869లో ఒహాయోలోని క్లీవ్‌లండ్‌లో పుట్టాడు. పెరిగింది పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో. అమెరికాలో నూనె బావుల వ్యాపారం మొదలైంది ఆ ఊళ్లోనే, 1859లో. నూనె పోయడానికి పీపాలు కావాలి కదా, హైస్మన్ తండ్రి పీపాలు చేసే పని చేసేవాడు. కొడుకు ఫుట్‌బాల్ ఆడటం ఆయనకు ఎంతమాత్రం నచ్చేది కాదట, అది పశువుల ఆట అనేవాడట. కొడుకేమో ఒక పక్క ఆ పశువుల ఆట ఆడుతూ, ఇంకో పక్క షేక్‌స్పియర్ నాటకాలు బట్టీ పట్టేవాడు. బ్రౌన్ యూనివర్సిటీలో రెండేళ్లు చదివి, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లా పూర్తి చేశాడు. మనిషి చిన్నవాడు, బరువు నూట అరవై పౌండ్ల లోపే. అయినా ఆడింది లైన్‌లో, అంటే బంతి కదలగానే ఎదుటివాణ్ని ఢీకొట్టాల్సిన చోట. మాడిసన్ స్క్వేర్ గార్డెన్ లోపల ఆడిన ఒక మ్యాచ్‌లో అక్కడి దీపాల వెలుగుకి కళ్లు దెబ్బతిన్నాయని, చివరి పరీక్షలు రాయలేక నోటితో చెప్పి పాసయ్యాడని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. కళ్లకు విశ్రాంతి కావాలన్నారు డాక్టర్లు. లాయరు పనంటే రోజంతా కాగితాలు చదవాలి. దాంతో కోచింగ్ వైపు వచ్చాడు.

మొదటి ఉద్యోగం 1892లో ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీలో. ఆ రోజుల్లో కోచ్ అంటే చేతిలో విజిల్ పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు కాదు. హైస్మన్ అక్కడే ఏదో కోర్సులో చేరి, తనూ జట్టులో ఆడుతూ కోచింగ్ చేశాడు. అది అప్పట్లో తప్పు కూడా కాదు. ఆ ఏడాది నవంబర్‌లో మిషిగన్‌తో ఆడిన మ్యాచ్ ఉంది చూడండి, అది ఈ రోజుకీ తేలలేదు.

రెండు జట్లూ ముందే ఒక మాట అనుకున్నాయి. ఓబర్లిన్ వాళ్లు సాయంత్రం రైలు పట్టుకోవాలి కాబట్టి ఫలానా టైముకి ఆట ఆపేయాలి. ఇప్పట్లా బయటి నుంచి వచ్చిన అంపైర్లు ఎవరూ లేరు. రెఫరీ ఓబర్లిన్ వాడు, అంపైర్ మిషిగన్ వాడు. స్కోరు 24–22, ఓబర్లిన్ ముందుంది. రెఫరీ గడియారం చూసి టైమైపోయిందన్నాడు. ఓబర్లిన్ కుర్రాళ్లు సామాన్లు సర్దుకుని రైలుకి పరిగెత్తారు. మిషిగన్ అంపైరేమో, మధ్యలో ఆగిన టైము కలపలేదు, ఇంకా నాలుగు నిమిషాలుంది అన్నాడు. ఎదురుగా మనిషి లేని మైదానంలో మిషిగన్ ఆటగాడు బంతి పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటించాడు. అప్పట్లో టచ్‌డౌన్‌కి 4 పాయింట్లు. అంటే 26–24, మిషిగన్ గెలుపు. ఓబర్లిన్ రికార్డుల్లో మాత్రం తామే గెలిచినట్టుంది. మన ఊళ్లలో గట్టు తగాదా తరాల తరబడి సాగినట్టు నూట ముప్పై ఏళ్లు దాటినా రెండు కాలేజీలూ తమ తమ లెక్కే పట్టుకుని కూర్చున్నాయి. ఆయన కోచింగ్ మొదటి ఏడాదే ఇలా మొదలైంది. మైదానంలో ఎంత ఆడినా, గడియారం ఎవరి చేతిలో ఉందన్నదే చివరికి లెక్క అని అప్పుడే అర్థమైవుంటుందని నా ఊహ.

ఆ తర్వాత ఒహాయోలోనే ఆక్రన్ అనే ఊళ్లో బక్టెల్ కాలేజీకి వెళ్లాడు. ఆ రోజుల్లో లైన్ మధ్యలో ఉండే సెంటర్ ఆటగాడు బంతిని నేల మీద దొర్లిస్తే, వెనకుండి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ వంగి అందుకునేవాడు. బక్టెల్ క్వార్టర్‌బ్యాక్ ఆరడుగులు దాటిన పొడగరి, ప్రతిసారీ వంగి లేచేసరికి ఆలస్యమయ్యేది. దొర్లించడం ఎందుకు, చేతికి విసిరెయ్ అన్నాడట హైస్మన్. ఇవాళ టీవీలో ఆట ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ కనిపించే ఆ విసురు, స్నాప్ అంటారు దాన్ని, అక్కడ మొదలైందని చెబుతారు. ఇలాంటివి ఆయన పేరు మీద చాలా ఉన్నాయి. అన్నీ నమ్మకండి. ఆ కాలంలో ఎవరు ఏది ముందు చేశారో రాసిపెట్టే నాథుడు లేడు, ఒకే ఉపాయాన్ని నలుగురు నాలుగు చోట్ల కనిపెట్టి ఉంటారు.

బక్టెల్‌లోనే ఇంకో సంగతి జరిగింది. ఈడిత్ కోల్ అనే విద్యార్థినిని ఇష్టపడ్డాడు. ఆమెకు క్షయ అని తేలడంతో పెళ్లి ఆగిపోయింది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కోచింగ్‌లో పెద్దగా డబ్బు లేదు. మధ్యలో కొన్నాళ్లు టెక్సస్ వెళ్లి టమాటా సాగు చేశాడు. మనకి తెలిసిందేగా టమాటా సంగతి, ధర ఉంటే పంట ఉండదు, పంట ఉంటే ధర ఉండదు. ఆయనకీ అంతే అయింది. 1895లో ఆబర్న్ కాలేజీ వాళ్లు పిలవగానే అలబామా వెళ్లిపోయాడు. అక్కడ ఐదేళ్లు. మొదటి ఏడాదే వాండర్‌బిల్ట్‌తో మ్యాచ్‌లో జట్టంతా గుమిగూడి తిరుగుతుంటే మధ్యలో క్వార్టర్‌బ్యాక్ బంతిని చొక్కా కింద దోపేసుకున్నాడు. ఎదుటివాళ్లు బంతి ఎక్కడుందా అని వెతుక్కుంటుంటే అతను తాపీగా వెళ్లి టచ్‌డౌన్ చేశాడు. రూల్స్‌లో చొక్కా గురించి ఏమీ లేదు మరి! ఇంత చేసినా ఆ మ్యాచ్ ఆబర్న్ ఓడిపోయింది, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. నా దృష్టిలో హైస్మన్ పేరు నిలవాల్సింది దీని వల్లే.

ఇప్పుడు ఫుట్‌బాల్ చూస్తే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి నాలుగడుగులు వేసి బంతిని నలభై గజాలు ముందుకి విసరడం, ఇంకొకడు పరిగెత్తుతూ అందుకోవడం కనిపిస్తుంది. 1906కి ముందు అది నేరం. బంతి చంకలో పెట్టుకుని ముందుకు దూరడమే. పదకొండు మందీ చేతులు చేతులు పట్టుకుని గుంపుగా ఒకే చోట తోసుకుంటూ పోతే, ఎదుటి పదకొండు మంది ఆ గుంపుని ఆపాలి. కబడ్డీలో కూతకొచ్చినవాడి మీద అందరూ పడటం చూశాం కదా, ఇక్కడ రెండు పక్కలా అందరూ పడతారు, పైగా ఇప్పట్లాంటి హెల్మెట్లు లేవు. మెడలు విరిగేవి, పక్కటెముకలు విరిగేవి, కుర్రాళ్లు చచ్చిపోయేవాళ్లు.

1895 అక్టోబర్‌లో అట్లాంటాలో జార్జియా యూనివర్సిటీకీ (టెక్ కాదు) నార్త్ కెరొలైనా యూనివర్సిటీకీ మ్యాచ్ జరిగింది. ప్రత్యర్థుల ఆట గమనించడానికి హైస్మన్ వచ్చి చూస్తున్నాడు. నార్త్ కెరొలైనా ఆటగాడు బంతిని కాలితో తన్నబోయాడు, జార్జియా వాళ్లు మీదకు వచ్చేశారు, తన్నడానికి చోటు లేక కంగారులో బంతిని ముందుకి విసిరేశాడు. సొంత జట్టువాడు ఒకడు దాన్ని గాల్లోనే పట్టుకుని డెబ్భై గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. జార్జియా కోచ్ పాప్ వార్నర్, తర్వాత రోజుల్లో హైస్మనంత పేరు తెచ్చుకున్నవాడు, లబోదిబోమన్నాడు. ఇది రూలుకి విరుద్ధం, రద్దు చెయ్యండి అన్నాడు. రెఫరీ విసరడం తను చూడలేదన్నాడు. అంతే, 6–0తో నార్త్ కెరొలైనా గెలిచింది.

అక్కడున్నవాళ్లందరూ గొడవ చూశారు. హైస్మన్ మాత్రం ఖాళీ చోటు చూశాడు. అందరూ మధ్యలో గుంపుగా చేరితే మైదానంలో మిగతాదంతా ఖాళీయే. బంతి ముందుకి విసరొచ్చు అంటే చాలు, ఎదుటి జట్టు ఆ ఖాళీని కాపాడుకోవడానికి చెదిరిపోక తప్పదు. గుంపు చెదిరితే మెడలు విరగడం తగ్గుతుంది. ఆయన చేసింది అక్కడితో ఆగి తన జట్టుకి దొంగచాటుగా ఫార్వర్డ్ పాసులు, అంటే ఇలా ముందుకి విసరడం, నేర్పించడం కాదు. రూలు మార్చమని రూల్స్ కమిటీలో పెద్ద తలకాయ అయిన వాల్టర్ క్యాంప్‌కి ఉత్తరాలు రాశాడు. క్యాంప్ యేల్ యూనివర్సిటీ మనిషి, అమెరికన్ ఫుట్‌బాల్‌కి తండ్రి అని ఆయన్నే అంటారు, దక్షిణాదిలో ఎక్కడో చిన్న కాలేజీ కోచ్ రాసిన ఉత్తరానికి కదిలే రకం కాదు. హైస్మన్ మళ్లీ రాశాడు. మళ్లీ రాశాడు.

1905 సీజన్‌లో కనీసం 18 మంది ఆటగాళ్లు చనిపోయారని షికాగో ట్రిబ్యూన్ లెక్క రాసింది. వాళ్లలో ఎక్కువమంది కాలేజీ స్థాయికి కూడా రాని పిల్లలు. ఆ అక్టోబర్‌లోనే ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మనుషుల్ని వైట్‌హౌస్‌కి పిలిచి ఆట బాగుచేసుకోండని చెప్పాడు. కొలంబియా ఏకంగా ఆట మానేసింది. కాలేజీలన్నీ కలిసి కొత్త సంఘం పెట్టుకున్నాయి, అదే తర్వాత కాలేజీ ఆటల్ని నడిపించే ఎన్‌సీఏఏ అయింది. 1906లో రూల్స్ మారాయి, ముందుకి విసరడం చెల్లుతుందన్నారు.

చెల్లుతుందన్నారు కానీ మెలికలు పెట్టారు. విసిరిన బంతి ఎవరూ పట్టుకోకపోతే 15 గజాల శిక్ష. ఎవరికీ తగలకుండా నేల మీద పడితే బంతి ఎదుటివాళ్లకి. విసిరేవాడు సెంటర్‌కి కనీసం ఐదు గజాలు పక్కకి జరిగాకే విసరాలి. ఈ మెలికలు సడలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మొదటి చెల్లుబాటు పాస్ విసిరిన ఘనత కూడా హైస్మన్ జట్టుకి దక్కలేదు, అది సెయింట్ లూయిస్ యూనివర్సిటీది, 1906 సెప్టెంబర్‌లో. అందుకే ఫార్వర్డ్ పాస్‌ని హైస్మన్ కనిపెట్టాడు అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. దాన్ని చట్టం చేయించడానికి పట్టు వదలకుండా వాదించినవాళ్లలో ముఖ్యుడు, అంతవరకు నిజం. నాకైతే కనిపెట్టడం కంటే అదే కష్టమైన పని అనిపిస్తుంది.

ఈలోగా ఆయన 1900లో ఆబర్న్ వదిలి సౌత్ కెరొలైనాలోని క్లెమ్సన్ కాలేజీకి వెళ్లాడు. మొదటి ఏడాదే ఒక్క ఓటమి లేకుండా ఆరుకి ఆరు గెలిచాడు. అక్కడి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1902లో జార్జియా టెక్‌తో ఆడటానికి అట్లాంటా రావాలి. ముందురోజే క్లెమ్సన్ కుర్రాళ్లు కొందరు రైలు దిగి, ఊళ్లో అర్ధరాత్రి దాకా తాగి తందనాలాడారు. టెక్ అభిమానులు అది చూసి రేపు వీళ్లేం ఆడతారులే అని పందాలు కాశారు. తెల్లారాక అసలు జట్టు హాయిగా నిద్రపోయి వేరే రైల్లో దిగింది. ముందురోజు వచ్చినవాళ్లు ఆటగాళ్లే కాదు. క్లెమ్సన్ 44–5తో గెలిచింది. మరుసటి ఏడాది క్లెమ్సన్ 73–0తో టెక్‌ని చితక్కొట్టింది. ఇక లాభం లేదని టెక్ వాళ్లు ఆ కోచ్‌నే కొనేశారు: ఏడాదికి 2,250 డాలర్ల జీతం, సొంత మైదానంలో ఆడిన మ్యాచ్‌ల టిక్కెట్ డబ్బులో 30 శాతం. లాయర్ బుర్ర మళ్లీ కనిపిస్తోందా? జనం ఎంత ఎక్కువ వస్తే ఆయనకి అంత లాభం.

మీ అమ్మాయి చదవబోయే కాలేజీలో ఆయన 1904 నుంచి 1919 దాకా 16 సీజన్లు పనిచేశాడు. 102 గెలుపులు, 29 ఓటములు, 7 సమానం. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆయనే చూసుకునేవాడు. వేసవిలో నాటక కంపెనీలతో తిరిగేవాడు. మైదానంలోనూ నాటకం ఆగేది కాదు. సీజన్ మొదటి రోజు కొత్త కుర్రాళ్ల ముందు బంతి ఎత్తి పట్టుకుని, ఇదేంటి అని అడిగి, అది సాగదీసిన గోళమని, లోపల రబ్బరు, పైన బిగించిన తోలు అని రంగస్థలం మీద పద్యం చదివినట్టు చెప్పి, దీన్ని చేతిలోంచి జారవిడవడం కంటే చిన్నప్పుడే చచ్చిపోవడం మేలు అనేవాడు. టెక్ కుర్రాళ్లు ఆ డైలాగ్‌ని ఆయన వెనక అనుకరించేవాళ్లని వేరే చెప్పక్కర్లేదు. వారం మధ్యలో వేడినీళ్లు, సబ్బు వాడితే ఒళ్లు మెత్తబడుతుందని ఒప్పుకునేవాడు కాదంటారు. ఆ జట్టు బట్టలు మార్చుకునే గది వాసన నేను ఊహించుకోదల్చుకోలేదు.

సరే, 1916 అక్టోబర్ 7. గ్రాంట్ ఫీల్డ్. మీరు క్యాంపస్‌లో చూసిన స్టేడియం అదే చోటు, 1913 నుంచి అక్కడే ఉంది.

కథ అంతకు ముందు వసంతంలో బేస్‌బాల్‌తో మొదలైంది. టెనెసీలోని లెబనాన్‌లో కంబర్లండ్ అనే చిన్న కాలేజీ ఉంది. వాళ్ల బేస్‌బాల్ జట్టు టెక్‌ని 22–0తో ఓడించింది. ఆడింది విద్యార్థులు కాదు, డబ్బు తీసుకుని ఆడే నాష్‌విల్ ఆటగాళ్లని దింపారని హైస్మన్‌కి అనుమానం. మనసులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కంబర్లండ్ తన ఫుట్‌బాల్ జట్టుని ఎత్తేసింది. టెక్‌తో ఒప్పుకున్న మ్యాచ్ రద్దు చేయమని అడిగింది. ఇంకొకడైతే పోనీలే అనేవాడు. హైస్మన్ ఒప్పందం తీశాడు. రాకపోతే 3,000 డాలర్ల జరిమానా అని అందులో ఉంది. వస్తే ఖర్చులతో పాటు 500 డాలర్లు ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో 3,000 డాలర్లంటే ఆ చిన్న కాలేజీ నడ్డి విరిగే మొత్తం. బేస్‌బాల్ జట్టు మేనేజర్‌గా ఉన్న జార్జ్ అలెన్ అనే విద్యార్థి చేతికి దొరికినవాళ్లని, ఎక్కువమంది లా చదివే కుర్రాళ్లనే, పోగు చేసుకుని రైలెక్కాడు. దారిలో నాష్‌విల్‌లో ఇంకొందర్ని వెతుకుదామని దిగితే, దొరకడం మాట అటుంచి ఉన్నవాళ్లలోనే కొందరు రైలు తప్పిపోయారట.

ఇక మ్యాచ్ ఏముంది! మొదటి క్వార్టర్‌కి, అంటే పావు వంతు ఆటకి, 63. సగం ఆటకి 126. అప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌లో హైస్మన్ తన కుర్రాళ్లతో, మనం ముందున్నాం సరే, కంబర్లండ్ వాళ్ల దగ్గర ఏ ఎత్తు దాగుందో తెలీదు, ఏమరపాటు వద్దు అన్నాడట. రెండో సగం టైము తగ్గించి ఆడించినా మూడో క్వార్టర్‌లో 54, నాలుగులో 42 వచ్చాయి. మొత్తం 32 టచ్‌డౌన్లు. అప్పటికి టచ్‌డౌన్ విలువ 6 అయింది, 192. తర్వాత తన్నే అదనపు పాయింట్లు 30. కూడితే 222. ఇంతకీ తమాషా ఏంటంటే, బంతి ముందుకి విసరాలని ఏళ్ల తరబడి పోరాడిన మనిషి జట్టు ఆ రోజు ఒక్క పాస్ కూడా విసరలేదు. విసరాల్సిన అవసరం రాలేదు. కంబర్లండ్ ఆ రోజు ఒక్కసారిగా ముందుకి జరిగిన పెద్ద దూరం మాత్రం పాస్‌తోనే వచ్చింది, పది గజాలు. బంతి తమ దగ్గరే నిలవాలంటే అప్పటికి వాళ్లకి అంతకంటే చాలా ఎక్కువ కావాలి.

కంబర్లండ్ ఆటగాళ్ల గురించి ఒక జోకు చెప్పుకుంటారు. బంతి చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోతోంది. జారవిడిచినవాడు, పట్టుకో పట్టుకో అని అరిచాడు. పక్కవాడు, నువ్వే పడేశావు, నువ్వే పట్టుకో అన్నాడు. ఎదురుగా టెక్ వాళ్లు వస్తుంటే ఎవడు వంగుతాడు? ఆ జట్టుని తెచ్చిన జార్జ్ అలెన్ తర్వాత వాషింగ్టన్‌లో పెద్ద మనిషై ప్రెసిడెంట్ ట్రూమన్‌కి దగ్గరివాడయ్యాడు. ఆ ఓటమి ఆయన్ని ఏమీ చేయలేదు, జీవితాంతం ఆ కథలు చెప్పి జనాన్ని నవ్వించాడు.

ఎందుకు చేశాడు? బేస్‌బాల్ కక్ష ఉంది. దానితో పాటు ఇంకో కారణం ఆయనే చెప్పుకున్నాడు. అప్పటి పత్రికల్లో ఏ జట్టు గొప్పదో తేల్చడానికి మొత్తం ఎన్ని పాయింట్లు కొట్టిందో లెక్కేసేవాళ్లు. ఎదుట ఎవరున్నారన్నది పట్టించుకునేవాళ్లు కాదు. సరే, తేలిక జట్టు మీద ఎన్ని పాయింట్లైనా కొట్టొచ్చని చూపిస్తాం అనుకున్నాం అని ఆయన మాట. ఇది మంచి వాదనే, కానీ ఆ వాదనకి దెబ్బలు తిన్నది పత్రికలవాళ్లు కాదు, లా చదువుకునే కుర్రాళ్లు. మీరు క్రూరత్వం అన్నారు. నేను కాదనను. చేతిలో కాగితం ఉంది కదా అని చివరి పైసా వసూలు చేసే మనిషిని మన ఊళ్లో ఏమంటామో, అదే.

మరుసటి ఏడాది మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేని జట్టు. 1917లో టెక్ తొమ్మిదికి తొమ్మిది గెలిచింది, 491 పాయింట్లు కొట్టి 17 ఇచ్చింది. పెన్సిల్వేనియాని, అంటే ఆయన సొంత కాలేజీని, 41–0తో ఓడించింది. దక్షిణాది నుంచి జాతీయ ఛాంపియన్ అనిపించుకున్న మొదటి జట్టు అదే. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్, తర్వాత మిషిగన్, షికాగో. దక్షిణాదివాళ్ల గురించి ఈశాన్యం పత్రికలు రాసేవే కావు. ఆ దక్షిణాదిలో నల్లవాళ్లకి మైదానంలోకి ప్రవేశం లేదని కూడా చెప్పాలి. టెక్‌లో మొదటి నల్లజాతి విద్యార్థులు చేరింది 1961లో. హైస్మన్ దాన్ని మార్చడానికి ప్రయత్నించినట్టు నాకెక్కడా కనిపించలేదు. తర్వాత 1923లో ఆయన పెన్సిల్వేనియాలోని వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ కాలేజీలో ఉండగా, వాళ్ల జట్టులో చార్లెస్ వెస్ట్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడని వర్జీనియా నుంచి వచ్చిన జట్టు ఆడనంది. అతన్ని పక్కన పెట్టమంటే కాలేజీ ఒప్పుకోలేదు, మ్యాచ్ జరగలేదు.

టెక్‌ని వరసగా 33 మ్యాచ్‌లు ఎవరూ ఓడించలేకపోయారు. ఆ వరస 1918లో తెగింది. తెంచింది పిట్స్‌బర్గ్, స్కోరు 32–0. పిట్స్‌బర్గ్ కోచ్ ఎవరో తెలుసా, 1895లో అట్లాంటాలో లబోదిబోమన్న ఆ పాప్ వార్నరే.

అంత గెలిచే కోచ్ 1919 తర్వాత టెక్ ఎందుకు వదిలాడు? జీతం కాదు, కాలేజీతో గొడవ కాదు. విడాకులు. క్లెమ్సన్‌లో ఉండగా నాటకాల్లో పరిచయమైన ఎవెలిన్ కాక్స్ అనే వితంతువుని 1903లో పెళ్లి చేసుకున్నాడు, ఆమెకి అప్పటికే ఒక కొడుకు. 1919లో ఇద్దరూ గొడవ లేకుండా విడిపోదాం అనుకున్నారు. ఒకే ఊళ్లో ఉంటే ఇద్దరికీ, బంధుమిత్రులకీ ఇబ్బంది. ఆమె ఏ ఊరు ఎంచుకుంటే ఆ ఊరు ఆమెది, ఆయన ఇంకెక్కడికైనా వెళ్లాలి, ఇదీ ఒప్పందం. ఆమె అట్లాంటా అంది. ఆయన పెట్టె సర్దుకున్నాడు. 3,000 డాలర్ల కాగితం పట్టుకుని కంబర్లండ్‌ని వదలని మనిషి, తను సంతకం పెట్టిన దానికి తనూ కట్టుబడ్డాడు. పదహారేళ్లు కట్టుకున్న జట్టుని, దేశంలో పేరు తెచ్చిన ఊరిని వదిలేసి వెళ్లడం చిన్న విషయం కాదు. ఈ ఒక్క సంగతి వల్లే నాకాయన మీద కొంచెం గౌరవం మిగిలింది.

ఆ తర్వాత పెద్దగా చెప్పుకోవడానికి లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మూడేళ్లు, వాషింగ్టన్ అండ్ జెఫర్సన్‌లో ఒక ఏడాది, టెక్సస్‌లో రైస్ అనే కాలేజీలో నాలుగేళ్లు. రైస్‌లో గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. 1927తో కోచింగ్ ఆపేశాడు. 36 సీజన్లలో 186 గెలుపులు, 70 ఓటములు, 18 సమానం.

న్యూయార్క్‌లో స్థిరపడి, పత్రికలకి రాస్తూ, డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్‌లో క్రీడల డైరెక్టర్‌గా చేరాడు. ఆ క్లబ్ 1935లో ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ట్రోఫీ ఇద్దామనుకుంది. మీకు ఆశ్చర్యం అనిపించొచ్చు, హైస్మన్ ముందు వద్దన్నాడు. ఇది పదకొండు మంది ఆట, ఒకణ్ని ఎత్తి చూపిస్తే మిగతావాళ్ల సంగతేంటి అని ఆయన అభ్యంతరం. చివరికి ఒప్పుకున్నాక, ఎవరు ఓటేయాలి, ఎలా లెక్కించాలి అన్న పద్ధతంతా ఆయనే కూర్చుని తయారు చేశాడు. మళ్లీ కాగితమే. మొదటి ట్రోఫీ షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బర్వాంగర్‌కి దక్కింది. అప్పటికి దాని మీద హైస్మన్ పేరు లేదు, క్లబ్ పేరే ఉంది. బర్వాంగర్ ఆ కంచు బొమ్మని వాళ్ల అత్త ఇంట్లో పెడితే, ఆవిడ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునేదట.

1936 అక్టోబర్ 3న హైస్మన్ న్యుమోనియాతో చనిపోయాడు, వయసు 66. ఆ ఏడాది ట్రోఫీ ఇచ్చేటప్పటికి క్లబ్ వాళ్లు దానికి ఆయన పేరు పెట్టారు. అంటే మీరడిగిన ప్రశ్నకి జవాబు చాలా మామూలుది. 222–0 చూసి పెట్టలేదు, ఫార్వర్డ్ పాస్ చూసీ పెట్టలేదు. తమ దగ్గర పనిచేసిన మనిషి, పని మొదలుపెట్టి కన్నుమూశాడు కాబట్టి పెట్టారు.

ఈడిత్ కోల్ గుర్తుందా? క్షయ నుంచి ఆమె బయటపడింది. ఆక్రన్‌లో విడిపోయిన ముప్పై ఏళ్లకి మళ్లీ కలిసి 1924లో పెళ్లి చేసుకున్నారు. ఆమెది విస్కాన్సిన్‌లో రైన్‌లండర్ అనే చిన్న ఊరు, ఉత్తరాన, చలి దేశం. హైస్మన్ ఎన్నడూ కోచింగ్ చేయని రాష్ట్రం. ఆయన సమాధి అక్కడ ఉంది, అట్లాంటాలో కాదు.